ఓ అను బిడ్డా

"దిగకు బిడ్డా! ఆ బాయిల గాలి లేదు."

నడుముకు తాడు కట్టుకుంటున్న భవ్య తలెత్తింది. మాసిన పంచె, చేతిలో కందిలి. ఎవరో ముసలాయన.

గోదావరిఖని శివారులోని ఆ ఎండిన బావిలో నిన్ననే అన్నదమ్ములిద్దరు చనిపోయారు. పూడిక తీయడానికి దిగి, మళ్లీ పైకి రాలేదు. దిగేముందు వాళ్లకు కల్లు ఇచ్చింది పక్క పొలం రాజం. గట్టు తగాదా ఉంది కాబట్టి విషం కలిపాడని పోలీసులు పట్టుకెళ్లారు. శవాలను పైనుంచే కొక్కేలు వేసి లాగారు గానీ, కల్లు సీసా అడుగునే ఉండిపోయింది.

దాని కోసమే ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి భవ్య వచ్చింది. విషాలను పరీక్షించడం ఆమె పని. బావిలో దిగడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. ఆమెకూ భయంగానే ఉంది.

"గ్యాస్ చూసే మీ సార్లు రాలేదా?" ముసలాయన అడిగాడు.

"వాళ్లెందుకు? ఇది విషం కేసు."

"రాజం అసొంటోడు కాదు బిడ్డా."

భవ్యకు ఒళ్లు మండింది.

"మీరు రాజం తరఫు మనిషా? పోయినవాళ్ల మీద కాస్తయినా జాలి లేదా మీకు?"

ముసలాయన కందిలి కింద పెట్టి, తాడు చివర పట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"సరే. నేను పిలుస్తుంట. ఓ అనుకుంట దిగు. నువ్వు పలకకుంటే లాగుతం."

తాడు జారింది.

"బిడ్డా!"

"ఓ..." విసుగ్గా అంది.

రెండు నిలువుల లోతుకు వెళ్లేసరికి ఆమెకు పరుగెత్తినట్టు ఆయాసం వచ్చింది. వాసన లేదు, పొగ లేదు. ఎంత పీల్చినా ఊపిరి చాలడం లేదు. తాడు మీద వేళ్లు వాటంతటవే విడిపోతున్నాయి.

"బిడ్డా!"

అరుద్దామనుకుంది. గొంతు పెగల్లేదు. చచ్చిపోతున్నానని ఆమెకు స్పష్టంగా తెలిసింది.

"లాగుండ్రి! జల్ది!"

కళ్లు తెరిచేసరికి గడ్డి మీద ఉంది.

ముసలాయన కందిలి వెలిగించి, తాడుతో బావిలోకి వదిలాడు. కాస్త దిగగానే అది టప్పున ఆరిపోయింది.

"ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల గ్యాస్ చూసిన. దీనికి రంగుండది, వాసనుండది. నీ సీసలల్ల దొరకది."

భవ్య ల్యాబ్‌కు ఫోన్ చేసింది.

"రుత్విక్, గ్యాస్ మీటరు తీసుకుని వెంటనే రా. ఇది నా ఒక్కదానివల్ల తేలే కేసు కాదు."

ఆమె ఫోన్ పెట్టేసేలోగా ముసలాయన వెళ్లిపోయాడు.

రుత్విక్ మీటరూ ఆయన మాటే చెప్పింది. శవాల్లో విషం లేదు. వారం తిరక్కుండా రాజం బయటికొచ్చాడు.

భవ్య స్టేషన్ ముందు అతన్ని ఆపింది.

"ఆ రోజు బావి దగ్గర నీ కోసం అంతలా చెప్పిన పెద్దాయన, బొగ్గుగనిలో గ్యాస్ చూసినాయన, నీకేమవుతాడు? ఆయనకు క్షమాపణ చెప్పుకోవాలి."

"సదయ్య కాకనా?" రాజం తల దించుకున్నాడు. "నాకేం కాడు మేడం. సచ్చిపోయిన ఇద్దరు ఆయన కొడుకులే."