చుక్కి మాట వినలేదు

పొయ్యి, తలుపు, డ్రైవర్ లేని ఆటో, అన్నీ మనిషి మాట జవదాటని రోజులవి. హనుమకొండలో యాకమ్మ మాత్రం చూపులేనివాళ్లను నడిపించే కుక్కలకు ఎప్పుడు మాట వినకూడదో నేర్పేది.

చూపులేని కౌసల్యకు చుక్కి అనే కుక్కను అప్పగించే ముందు చౌరస్తాలో ఆఖరి పరీక్ష పెట్టింది. "దాటొచ్చు" అని సిగ్నల్ పలికింది.

"నడువే చుక్కీ!" అంది కౌసల్య.

చుక్కి ఆమె కాళ్లకు అడ్డం నిలబడింది. ముద్దలు కలిపి పెట్టి పెంచిన యాకమ్మే, కౌసల్య భుజం గట్టిగా పట్టుకుని, "నడువ్!" అని గద్దించింది. చుక్కి వెనక్కి చూసింది గానీ కదల్లేదు. అంతలో యాకమ్మ ముందే పురమాయించిన చప్పుడు లేని ఆటో ఒకటి, సిగ్నల్‌ను దాటుకుని ముందు నుంచి రివ్వున దూసుకుపోయింది.

"నువ్వు చెప్పినా ఇనలేదేందక్కా!" అంది కౌసల్య, ఆ గాలికి ఉలిక్కిపడి.

యాకమ్మ ఛాతీ ఉప్పొంగింది. కుక్క పట్టీ కౌసల్య చేతిలో పెట్టింది.

"నా మాటనే కాదన్నది. ఇగ ఎవ్వలు చెప్పినా నిన్ను బండ్ల కింద పడనియ్యది. తీస్కపో చెల్లె."