మైనం మీద పూత

“బావా, ఉప్పుకాగితంతో రుద్దక్కర్లేదు. కడిగి ఒక్క పూత వేశామంటే నీ చెక్క నేల అద్దమే!” అని మా బావమరిది ఇరవై ఏళ్ల కిందట మాటిచ్చాడు. ఆ అద్దం నెలకే పొరలు పొరలుగా లేచింది. ఘనుణ్ణి మళ్లీ గడప తొక్కనివ్వలేదు. ఎక్కడ కనబడ్డా “ఏం వార్నిష్ మహారాజా!” అని నలుగురిలో సత్కరించేవాణ్ణి. తల వంచుకుని పోయేవాడు.

నిన్న ఆ పని నేనే మొదలుపెట్టాను. డబ్బా మూత తీయగానే మా ఆవిడ అడ్డుపడింది.

“ముందు మైనం వదలగొట్టండి. దాని మీద పూత నిలవదు.”

“మైనమా? ఎవరు పూశారు?”

“నేనే, నేల మెరవాలని నెలనెలా. అప్పుడు తమ్ముడొస్తున్నాడని ఇంకాస్త ఎక్కువే రుద్దాను. పూత లేచాక వాడు కనిపెట్టాడు. ‘బావకి చెప్పకక్కా, నిన్ను తిడతాడు’ అన్నాడు.”

ఇరవై ఏళ్లు నా చేత అన్నేసి మాటలు అనిపించిన పాపం ఎవరిదంటారా? ఒక్కదానికీ బదులు చెప్పని మా బావమరిదిదే.