మోచేతి కింద నాలుగు వేళ్లు

నీలం టైలు మీద గుడ్డముక్క పెట్టి చూసింది వందన. రెండు రంగులూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

“సొంతింటికి ఈ రంగే కావాలని పదేళ్ల నుంచి పర్సులో మోస్తాండావు గదక్కా ఆ ముక్కని. ఇంకేం ఆలోచన? తీసేసుకో,” అంది అక్షయ.

అక్షయ వందనకు పిన్ని కూతురు. ఆళ్లగడ్డలో లెక్కల టీచరు. కొత్తింటికి సామాను ఎంచేటప్పుడు లెక్క తెలిసిన మనిషి పక్కనుండాలని, వందన ఆమెను వారం వారం నంద్యాలకు రప్పిస్తోంది.

అక్కడ ఆళ్లగడ్డ రోడ్డులో బిల్డరు హరీష్ కడుతున్న వరుస ఇళ్లలో నాలుగోది వీళ్లది. గోడలూ కప్పూ అతని బాధ్యత. టైల్స్, వంటగట్టు రాయి, తలుపులు, కుళాయిలు మాత్రం కొన్నవాళ్ల ఇష్టం. వాటికి మూడు లక్షలు ఇంటి ధరలోనే కలిపాడు. అది దాటితే సొంత డబ్బు పెట్టుకోవాలి. వందన బట్టలు కుడుతుంది. భర్త ప్రేమ్ సాగర్ స్కూలు బస్సు నడుపుతాడు. పదకొండేళ్లలో అయిదు అద్దె ఇళ్లు మారారు. దాటడం వీళ్ల వల్ల కాదు.

వందన గుడ్డముక్కను మళ్లీ పర్సులో పెట్టేసింది.

“నీకేది నచ్చింది?”

“నాదేముంది?” అక్షయ మునివేళ్ల మీద లేచి పై వరుసలోని లేతాకుపచ్చ టైలును చూపించింది. “అదైతే వండుకుంటాంటే కంటికి చల్లగా ఉంటాది.”

“అడుక్కు ఎనిమిది రూపాయలు తక్కువ కూడా. అదే రాసుకోప్పా,” అంది వందన షాపాయనతో.

“నీ ఇంటికి నన్నడుగుతావేందక్కా! పెళ్లి కాకముందే నాకు కాపురం లెక్కలన్నీ నేర్పిస్తాండావు. దానికి బదులు నా జాకెట్టు కుట్టియ్యి. కొలతలు తీసుకుని నెలాయ.”

“కుడతాలేవే,” అని నవ్వింది వందన.

మిగతావీ అట్లాగే సాగాయి. అల్మారాకు నిలువెత్తు అద్దం పెట్టించాలని వందనకు ఎప్పటి నుంచో కోరిక. తీరా ఆ వంతు వచ్చాక ధరెక్కువని కొట్టేసింది. ఆ మిగిలిన దాంతో గోడకు పుస్తకాల అర చేయించింది. కొడుకు బెన్నీ ఇంకా రెండో తరగతి. వాడికప్పుడే అంత అర ఎందుకని ప్రేమ్ సాగర్ గొణిగాడు. ఆమె వినిపించుకోలేదు.

మేస్త్రీ శేషయ్యకు ఆమెతో ఒక్కటే ఇబ్బంది. తొందర.

“బేగా కానీప్పా. ఈస్టర్ లోపల ఇంట్లోకి రావాల.”

“మీకు ముహూర్తాలుండవు గదమ్మా. ఏందీ తరుముడు?”

“ఉంటాయప్పా. కాకపోతే మేం పెట్టుకునేవి కాదు.”

మంగళవారాలు ఆమె కనిపించేది కాదు. కర్నూలులో పనుండేది. బుధవారం వచ్చి, పైట తల మీదుగా కప్పుకుని, గోడలు పట్టుకుని ఖాళీ గదుల్లో తిరిగేది. దుమ్ముకు కాబోలు అనుకునేవాడు శేషయ్య.

ఒకరోజు వంటింట్లో నిలబడి “బెన్నీ!” అని పిలిచింది. పిల్లవాడు ఆ వేళ బడిలో ఉన్నాడు. ఆమె గొంతు బోసి గోడలకు తగిలి, ఇంకెవరిదో అయి తిరిగొచ్చింది.

“ఎవర్ని పిలుస్తాండావమ్మా?”

“ఈడ నుంచి పిలిస్తే పడకగదిలోకి వినిపిస్తాదో లేదో చూస్తాండా.”

వంటగట్టు కట్టే రోజు వచ్చింది. ఆ పనికి శేషయ్య టేపు వాడడు. ఇంటి ఇల్లాలిని గోడకు ఆనించి నిలబెడతాడు. చెయ్యి మడవమంటాడు. మోచేతి కింద నాలుగు వేళ్లు వదిలి పెన్సిలు గీత పెడతాడు. ఆ ఎత్తులో గట్టు కడితే ముప్పై ఏళ్లు వండినా నడుం పట్టదని అతని నమ్మకం.

“రామ్మా, నిలబడు.”

వందన నిలబడలేదు. పర్సులోంచి ఒక దారం తీసి ఇచ్చింది.

“కొలత తెచ్చినా. ఈ కొస నేల మీద పెట్టు. ముడి కాడికి మోచెయ్యి.”

ముడికి ఆ నీలం గుడ్డముక్క కట్టి ఉంది.

శేషయ్య దారాన్ని గోడకు పట్టి చూశాడు. వందన పొడగరి. ముడి ఆమె మోచేతికి బెత్తెడు కిందే ఆగిపోయింది.

“ఇది తప్పమ్మా. ఈ లెక్కన కడితే మూడు పూటలా వంగి సావాల నువ్వు.”

“బట్టలు కుట్టేదాన్నప్పా. కొలత తప్పుతానా?”

“ఇటుకలు మిగుల్తాయనా ఏంది? ఆ నాలుగిటుకలు నేనే ఊరికే ఇస్తాలేమ్మా!”

వందన నవ్వింది. నవ్వుతూనే ఆయాసం వచ్చి గోడకు ఆనుకుంది.

“ఆ కొలతకే కట్టు.”

కట్టాడు.

ఈస్టర్‌కు వారం ముందరి మట్టల ఆదివారం రేపనగా గట్టురాయికి మెరుగు పట్టడం అయిపోయింది. ఖర్చు మూడు లక్షలు దాటలేదు. అందరికీ అన్నం క్యారియర్ తీసుకుని ఆళ్లగడ్డ నుంచి అక్షయ వచ్చింది. వస్తూనే వంటింట్లోకి పోయింది. కొత్త గట్టు మీద పళ్లెం పెట్టి ఉల్లిపాయలు కోయసాగింది. ఏదో పాట కూనిరాగం తీస్తోంది.

నీళ్లకని వెళ్లిన శేషయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. అతని చూపు ఆమె చేతి మీద నిలిచింది.

మోచేతికీ రాయికీ మధ్య సరిగ్గా నాలుగు వేళ్లు.

అతను నోరు తెరిచేలోగా వందన చెయ్యూపి వరండాలోకి పిలిచింది. పైటను తల మీదికి ఇంకా గట్టిగా లాక్కుంది. గొంతు తగ్గించింది.

“ఈస్టర్ దాటితే నా సంగతి చెప్పలేమన్నాడప్పా కర్నూలు డాక్టరు; ఆ తర్వాత ఈ గట్టు కాడ నిలబడి నా బెన్నీకి వండి పెట్టాల్సింది అదే, దానికింకా తెలీదు.”