బంగారుతీగ

పెళ్లయి మూడు నెలలైనా ఆత్మకూరులో మధులతకు ఉన్న స్నేహం ఒక్కటే. అదీ ఒక చేపతో.

ప్రశాంత్ పొద్దున ఏడింటి బస్సెక్కి ఉదయగిరిలో బ్యాంకు పనికి వెళితే, తిరిగి వచ్చేసరికి సాయంత్రం ఆరున్నర. కొత్త కాపురంలో ఆమెకు కుక్కర్ కూత కూడా ముచ్చటే. కానీ ఆ ముచ్చట చెప్పుకోవడానికి పగలంతా ఇంట్లో ఇంకో మనిషి లేదు.

అందుకే ఒకరోజు అతను మూత ఉన్న బకెట్లో కోయి అనే రంగుల చేపను తెచ్చి పెరట్లోని సిమెంటు తొట్టిలో వదిలాడు.

తెల్లటి ఒళ్లు, కుంకుమ ఒలికినట్టు ఎర్రమచ్చలు, మూతికి రెండు జతల మీసాలు. దానికి పళ్లు నోట్లో కాదు, గొంతులో ఉంటాయని ఫోన్లో చదివి మధులత పకపకా నవ్వింది. ఈ జాతి ముప్పై ఏళ్లయినా బతుకుతుందట. అంటే రేపు పుట్టబోయే పిల్లలు కూడా దీనికి బొరుగులు వేస్తారన్నమాట. పది రోజులకే అది ఆమె అడుగుల చప్పుడు గుర్తుపట్టి పైకొచ్చి, అరచేతిలోంచి తినడం మొదలుపెట్టింది. ఇక మధ్యాహ్నాలు తొట్టి గట్టు మీదే గడిచేవి.

ఒక మంగళవారం తొట్టి నాచు పట్టిందని తోమి కడిగి, పాత నీళ్లన్నీ పారబోసి, కుళాయి నీళ్లు నిండా పట్టింది. తొట్టి అద్దంలా మెరిసింది.

మర్నాటికి చేప తిండి మానేసింది. రంగు వెలిసింది. నీటి పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది.

ఎలాగైనా బతికించమని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటే, తెలిసినవాళ్లను అడుగుతానని చెప్పి ప్రశాంత్ గురువారం పొద్దున బస్సెక్కాడు.

పదకొండింటికి గేటు చప్పుడైంది.

అరవై దాటిన మనిషి. ఒక చేతిలో తెల్ల క్యాను, ఇంకో చేతిలో కాగితం పొట్లం.

"మీ కాడ బంగారుతీగ ఉండాదంట గదా. ఒకసారి చూపించు తల్లీ."

మధులత చెయ్యి మెడలోని కొత్త గొలుసు మీదికి పోయింది.

"నీకెవరు చెప్పినారు?"

"మీ ఆయనే. రంగు పోయిందంట గదా. ఈ నీళ్లలో ఉప్పేసి కాసేపు ముంచితే మళ్లీ పాత రంగు వచ్చేస్తాది."

పోయిన నెలే వెనకవీధిలో మెరుగు పెడతామని వచ్చినవాళ్లు ఒకామె పుస్తెలగొలుసు సగం కరిగించుకుని పోయారు. పక్కింటి ఆదిశేషమ్మ ఆ కథ ఆమెకు పదిసార్లు చెప్పింది.

మధులత తలుపు గడియ పెట్టేసింది. ప్రశాంత్‌కు రెండుసార్లు ఫోన్ చేసింది. అతను ఎత్తలేదు.

కిటికీలోంచి వెళ్లిపొమ్మంది.

"ఆలస్యం చేస్తే చేతికి దక్కదు తల్లీ. చూసి పోతాను. నువ్వు వద్దంటే తాకను కూడా తాకను."

అప్పటికే ఆదిశేషమ్మ ప్రహరీ మీదుగా తల పెట్టింది.

"ఏందయ్యా, నీ తీగలూ నువ్వూ. స్టేషన్‌కు ఫోన్ చేస్తే వాళ్లు చూపిస్తారులే, పో."

ఆయన గేటు బయటికి నడిచాడు. కానీ పోలేదు. ఎదురింటి అరుగు మీద, క్యాను కాళ్ల మధ్య పెట్టుకుని, ఒంటిగంట దాకా ఆ గేటు వైపే చూస్తూ కూర్చున్నాడు. మధులత కిటికీ సందులోంచి ఆయన్ని కాపలా కాసింది. పెరట్లోకి వెళ్లడానికి కూడా భయమేసింది.

చివరికి క్యాను, పొట్లం గేటు దగ్గర పెట్టి, బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయాడు.

ఆదిశేషమ్మ వచ్చి మూత తీసి వాసన చూసింది. వాసన లేకపోయినా యాసిడ్డే అయి ఉంటాదని చెప్పి మొత్తం కాలవలో పోసేసింది.

నాలుగింటికి మధులత పెరట్లోకి వెళ్లేసరికి చేప పక్కకు తిరిగి తేలుతోంది.

ప్రశాంత్ వచ్చేదాకా ఆమె తొట్టి దగ్గరే కూర్చుంది. అతను బూట్లు విప్పకుండానే పెరట్లోకి వచ్చాడు. పని హడావుడిలో ఫోన్ చూసుకోలేదన్నాడు. చేపను చూస్తానన్న రమణయ్య తాత రాలేదా అని అడిగాడు.

ఎవరూ రాలేదనీ, వచ్చింది గొలుసు దొంగ ఒక్కడేననీ చెప్పింది.

"ఏమన్నాడు?"

"బంగారుతీగ చూపించమన్నాడు."

ప్రశాంత్ తొట్టి గట్టు మీద కూలబడ్డాడు. చెరువుల్లో పెంచే ఒక చేపను బంగారుతీగ అంటారని, కోయి కూడా దాని రంగుల జాతేనని, తాతకు దీని పేరు అదేనని మెల్లగా చెప్పాడు. కుళాయి నీళ్లలో కలిపే మందు చేపకు పడదట. అందుకే ఆయన తన తొట్టిలోని పాత నీళ్లు మోసుకొచ్చాడట.

మధులత గేటు వైపు చూసింది.

"ఆయన చేపల డాక్టరా?"

"కాదు మధూ. నువ్వు పగలంతా ఒక్కదానివే ఉంటావని బస్సులో నా నోట విని, ఎవరూ లేని తన ఇంట్లో తొమ్మిదేళ్లుగా తోడున్న ఈ చేపను నీకిమ్మని నాకిచ్చినాయన."