మగాంగ్ కాగితం

"సంతకం పెట్టకు!" సుమియాతి కూతురు వెనింగ్ చేతిలోంచి కాగితం లాక్కుంది.

"ఇవ్వమ్మా! అంతర్జాతీయ వ్యాపారం చదివేవాళ్లు ఏదో ఒక ఆఫీసులో మగాంగ్‌గా చేరి పని నేర్చుకోకపోతే కాలేజీ డిగ్రీ ఇవ్వదు."

"మగాంగ్ అంటే ఏంటో నాకు చెప్తావా? టాంగెరాంగ్ బూట్ల ఫ్యాక్టరీలో నాలుగేళ్లు ఆ పేరుతోనే సగం జీతానికి కుట్టించారు. నేను పని నేర్చుకుంటున్నానట!"

"ఇది ఎగుమతుల ఆఫీసు. సర్టిఫికెట్ ఇస్తారు."

"నాకూ ఇచ్చారు. దాన్నే అన్నం గిన్నె మీద మూతగా వేశా."

వెనింగ్‌కి నవ్వొచ్చింది.

"నీకు పని నేర్పేదెవరు?"

"దీతా అక్క. మా కాలేజీయే. రెండేళ్లుగా ఆఫీసంతా తనే నడుపుతోంది."

"పర్మనెంటేనా?"

వెనింగ్ నవ్వు ఆగిపోయింది. "కాదు. మగాంగే."

సుమియాతి కాగితం తిరిగిచ్చింది. "కాలేజీ ఎలాగూ వదలదు, పెట్టు. ఎప్పుడు అయిపోతుందో ఆ తేదీ చూసుకుని పెట్టు."

వెనింగ్ రెండు వైపులా వెతికింది. మొదలయ్యే తేదీ ఒక్కటే ఉంది.