మింగని గుక్క

బంగళాకు వచ్చిన పెద్దాయన పప్పులో కారం వేయవద్దన్నాడు.

కన్నయ్యకు అక్కడే మనసు చివుక్కుమంది. మహారాష్ట్రలోని అల్లపల్లి ఫారెస్టు బంగళాలో వంటవాడిగా కుదిరిన నాటి నుంచి అతని పప్పుకు వంక పెట్టినవాళ్ళు లేరు.

పైగా ఆయన ప్రతిదీ వాసన చూసేవాడు. పప్పంటే సరే, మంచినీళ్ళు కూడా ముక్కు దగ్గర పెట్టుకొని గాని తాగేవాడు కాదు.

పేరు కన్నయ్య అడగలేదు. బంగళాకు వచ్చినవాళ్ళంతా సారులే. ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఈ అడవిని చూడాలని కోరికని, అందుకే బొంబాయి నుంచి వచ్చానని ఆయనే చెప్పాడు.

బొంబాయి అనగానే కన్నయ్య కారం సంగతి మరిచిపోయాడు.

అది 1986. బారావి, అంటే పన్నెండో తరగతి, పాసైన కన్నయ్య ముందు రెండు దారులున్నాయి. నాగపూర్‌లో హోటల్ కోర్సు ఉంది. ఎవరైనా చేరవచ్చు, ఉద్యోగం ఖాయం. బొంబాయిలో వైన్ కోర్సు ఉంది. వైన్ రుచి, వాసన చూసి అది ఎలాంటిదో తేల్చి చెప్పడం నేర్పి, సర్టిఫికెట్ ఇస్తారు. కాకపోతే ఆ విద్య తెలిసిన పెద్దమనిషి ఎవరైనా ఈ పిల్లవాడికి పూచీ నాది అనాలి.

అల్లపల్లిలో అలాంటి మనిషిని ఎక్కడ వెతుకుతాడు?

నోరు మూసుకొని నాగపూర్ పోవచ్చు. కానీ ఒకసారి విదేశీ అతిథులు వదిలేసిన వైన్ గ్లాసు కడగబోతూ వాసన చూశాడు. అమ్మ వాకిట్లో ఎండబోసే ఇప్పపువ్వు వాసన అందులో లీలగా ఉంది. ఎందుకుందో అడుగుదామంటే మనిషి లేడు. అప్పటి నుంచి నాగపూర్ మీదికి మనసు పోవడం లేదు.

ఫారెస్టు గార్డు మంగయ్యకు చెబితే పడీ పడీ నవ్వాడు.

"తాగుడు నేర్సుకునేటందుకు బొంబాయి దాంక ఎందుకురా? మా సోముగాని పక్కన కూసో, పుక్కట్ల నేర్పుతడు."

ఆ తర్వాత కన్నయ్య ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. పొద్దు గూకితే బంగళా వరండాలో ఒక్కడే కూర్చునేవాడు. మనసులో మాట పంచుకోవడానికి ఒక్కరూ లేకపోవడం ఎంత బరువో ఆ వరండాలోనే తెలిసింది.

ఇప్పుడు బొంబాయి మనిషి కదా అని చెబితే, పెద్దాయన మాత్రం నవ్వలేదు. ఆ గ్లాసు సంగతి మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. ఏ కోర్సులో చేరాలో వెళ్ళేటప్పుడు చెబుతానన్నాడు. ముందు మీ అమ్మ ఆ ఇప్పపువ్వుతో కాచిన సారా చూపించమన్నాడు.

మర్నాడు కన్నయ్య ఆయన్ని సర్కారు బస్సులో తన ఊరు జిమల్‌గట్టకు తీసుకెళ్ళాడు.

అమ్మ జంగుబాయి ఆ ఏటి కొత్త సారా తెచ్చింది. ఆ ఇంట్లో తొలి చుక్కలు చనిపోయిన పెద్దలవి. నేల మీద కొంచెం పోసి, నిరుడు పోయిన మొగుణ్ణి తలచుకొని, మోదుగాకు దొప్పను అతిథి చేతికిచ్చింది.

ఆయన వాసన చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. గుక్క తీసుకొని నోట్లో అటూ ఇటూ తిప్పాడు.

తిప్పి, పక్కకు ఉమ్మేశాడు.

జంగుబాయి ముఖం మాడిపోయింది. పెద్దలకు పోసిన సారాను ఉమ్మేయడమంటే ఆ పెద్దల మీద ఉమ్మేయడమే. ఆయన దొప్పను మళ్ళీ పెదవుల దగ్గరికి తీసుకోబోతుంటే లాక్కుంది.

"మా పెద్దలకు పోసినంక నీకిచ్చిన. ఇగ లే."

లోపలికి పోయి తడక వేసుకుంది.

ఆయన ఖాళీ చేయి చాచుకొని అలాగే ఉండిపోయాడు.

తిరుగు బస్సులో ఏదో చెప్పబోయాడు. కన్నయ్య టేకు చెట్లకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత వేళకు అన్నం పెట్టాడు గాని పలకరించలేదు. ఆయన వరండాలో, ఇతను వంటింట్లో. మాటకు మొహం వాచిన ఇద్దరూ ఒకే కప్పు కింద నోరు మూసుకొని ఉన్నారు.

వెళ్ళే రోజు బస్సు దగ్గర ఆయనే అడిగాడు.

"నా వల్ల ఏదో తప్పు జరిగింది. ఏమిటో చెప్పు బాబూ. నీ కోర్సు సంగతి కూడా..."

"సారా మింగుడు రాని మనిషిని నేనేం అడుగుత సారూ? మీరు పోండ్రి."

ఆయన తల ఊపి బస్సెక్కాడు.

పూచీ లేకుండానే, ఉత్త పంతానికి, కన్నయ్య బొంబాయికి దరఖాస్తు పంపాడు. వానలు వెనకపట్టాక రమ్మని కబురు వచ్చింది. నీ నసీబ్ బాగుందిరా అన్నాడు మంగయ్య. కన్నయ్య కూడా అలాగే అనుకున్నాడు.

మొదటి పాఠం. అందరి ముందు వైన్ గ్లాసులు, పక్కన ఒక ఖాళీ గిన్నె. గిన్నె ఎందుకో కన్నయ్యకు అర్థం కాలేదు.

పాఠం చెప్పే మేడం గుక్క తీసుకొని, నోట్లో తిప్పి, గిన్నెలో ఉమ్మేసింది.

మింగితే మత్తెక్కి తర్వాతి దాని రుచి తెలియదని చెప్పింది. ఉమ్మేయడం అవమానించడం కాదని, ఎంతో శ్రద్ధగా చూస్తున్నామని దాని అర్థమని చెప్పింది.

కన్నయ్య గ్లాసు కింద పెట్టేశాడు.

పాఠం అయ్యాక ఆమె దగ్గరికి వెళ్ళాడు. కారం తినని, నీళ్ళు కూడా వాసన చూసే పెద్దాయన ఒకరు ఈ ఊళ్ళో ఉంటారని, ఎక్కడుంటారో తెలుసా అని అడిగాడు. కాళ్ళ మీద పడాలి. అమ్మ దగ్గరికి మళ్ళీ తీసుకెళ్ళాలి.

మీ ఊరేదని ఆమె అడిగింది. జిమల్‌గట్ట అన్నాడు.



"ఈ బడి పెట్టింది ఆయనే. శ్రావణంలో పోయారు," అంది. "ఇన్నేళ్ళలో మింగాలనిపించింది ఒకే ఒక్క సారా అనీ, ఆ గుక్క తాగబోతుంటే దొప్ప లాక్కున్నారనీ చెప్పుకొని నవ్వేవారు. ఆ ఇంటి అబ్బాయి దరఖాస్తు తప్పకుండా వస్తుంది, వాడికి పూచీ నేను అని ఆయన అన్న మాట మీదే నిన్ను పిలిచాం."