ముడుపు రూపాయలు

ప్రమీలారాణి దొడ్లో కూర్చుని చింతపండుతో ఇత్తడి బిందె తోముతోంది. దేవుడి గదిలోని పంచపాత్ర, దీపపు కుందులు మాత్రం అక్కడ లేవు. వాటిని అత్తగారు దుర్గాంబ స్వయంగా తోముకుంటుంది. కిందటేడు తిరుపతి ముడుపు కనబడకుండా పోయిన దగ్గర్నుంచీ కోడలు వాటిని ముట్టుకోవడానికి వీల్లేదు.

వసారాలో మామగారు కనకయ్య పాత నాణేల బేరంలో ఉన్నాడు. కోడలి పుట్టింటి ఊరు నందిగామ నుంచి వరప్రసాదరావు మాస్టారు ఒక రేకు డబ్బా పట్టుకొచ్చాడు. ఏళ్ళ తరబడి ఇష్టంగా పోగుచేసుకున్నవేనట. ఇప్పుడు కళ్ళు ఆనక అమ్మేస్తున్నాడట. కనకయ్య డబ్బాను చాప మీద బోర్లించాడు. చిలుం పట్టిన కానులు, అరిగిపోయిన అణాలు. తూకానికి తప్ప పనికిరావని పెదవి విరిచి, అడుగున ఉన్న గుడ్డ మూట విప్పాడు.

"ఇవేంటి మాస్టారూ, నిన్న అచ్చు వేసినట్టున్నాయి?"

విక్టోరియా రాణి రూపాయలు. రాణి జుట్టు పాయలు కూడా అరగలేదు. ఆ మూటతోనే కొన్నాననీ, గాలి తగిలితే నల్లబడతాయని అందులోనే ఉంచాననీ మాస్టారు మురిసిపోతూ చెప్పాడు.

లోపల్నుంచి వచ్చిన దుర్గాంబ ఆ గుడ్డను లాక్కుంది. పసుపు పట్టిన గుడ్డకు ఎర్రంచు ఉంది. అది ఆవిడ పెళ్ళినాటి మధుపర్కం చింపిన ముక్క. కొడుకు బుల్లిబాబుకు టైఫాయిడ్ తగ్గితే కొండకొస్తానని మొక్కుకుని, తన తల్లి ఇచ్చిన రూపాయల్ని అందులోనే ముడుపు కట్టింది.

"ఏమే, ఇలా రా," అంది దొడ్డివైపు తిరిగి.

ప్రమీలారాణి చింతపండు చేతులతోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"కొండకు పోవాల్సిన ముడుపు మీ పుట్టింటి ఊరెలా పోయిందే? దానికి కాళ్ళొచ్చాయా?"

"నాకు తెలీదత్తయ్యా. ఆరోజూ అదే చెప్పా, ఇప్పుడూ అదే చెబుతున్నా."

"దేవుడి సొమ్ము తిన్న నోరు ఇంకేం చెబుతుంది."

మాస్టారు ఏదో చెప్పబోతే కనకయ్య చెయ్యెత్తి ఆపాడు. ఇంటి గుట్టు పరాయివాళ్ళ నోట వినే అలవాటు తనకు లేదన్నాడు. సాయంత్రానికల్లా కోడలి అన్నను పిలిపించి, పెద్దమనుషుల ముందు ఆమెను అప్పగించి పంపేస్తానన్నాడు. దొంగ పేరు మోసుకుని వెళితే పుట్టింట్లో మాత్రం ఎవరు గడప తొక్కనిస్తారని దుర్గాంబ నవ్వింది. ప్రమీలారాణికి వదిన మొహం గుర్తొచ్చింది. ద్వారబంధం పట్టుకుంది.

అంతలో వీధిలో చెప్పులు విడిచిన చప్పుడైంది. "అమ్మా, ఆకలేస్తోంది, వడ్డించు," అంటూ బుల్లిబాబు లోపలికొచ్చాడు.

మాస్టారు మొహం వికసించింది. గొంతు వచ్చిన వైపు తిరిగాడు.

"మీరా బాబూ! ఈ ఇల్లేనా మీది? గొంతు వినగానే గుర్తుపట్టా. భార్య చావుబతుకుల్లో ఉంది, మద్రాసు తీసుకెళ్ళాలని ఈ రూపాయలు నాకమ్మారే, ఆ అమ్మాయికి నయమైందా? రోజూ ప్రార్థనలో తల్చుకుంటున్నా."

బుల్లిబాబు చూపు చాప మీది రూపాయల మీద పడి, అక్కణ్ణుంచి నేలకు దిగింది. కనకయ్య కానుల్ని ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేయసాగాడు.

ముందుగా తేరుకున్నది దుర్గాంబే. "కాళ్ళు కడుక్కురా నాయనా, అన్నం చల్లారిపోతోంది," అంది కొడుకుతో. తర్వాత కోడలి వంక చూడకుండానే, "రేపట్నుంచి దేవుడి సామాను కూడా నువ్వే తోమచ్చులే," అంది.

ప్రమీలారాణి దొడ్లోకి వెళ్ళి చేతులు కడుక్కుంది. సగం తోమిన బిందెను అలాగే వదిలేసి, వసారాలో వాళ్ళందరి మధ్యనుంచే నడిచి, నందిగామ బస్సు ఆగే వైపు వెళ్ళిపోయింది.